రసాయన శాస్త్రాన్ని జనం చేతికి అందించబోయే శిష్యురాలికి

అమ్మా,

ఆశీస్సులు. రసాయన శాస్త్ర దినోత్సవం పేరుతో సామాన్య ప్రజల కోసం ఒక రోజంతా కార్యక్రమం నడిపే బాధ్యతను నీకు అప్పగించారని, ఏ ప్రయోగాలు చూపిస్తే జనం చప్పట్లు కొడతారో చెప్పమని రాశావు. ముప్పై ఏళ్లకు పైగా ఈ పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి ఆ జాబితా ఇవ్వగలను. కానీ ముందుగా చప్పట్ల సంగతి పక్కన పెట్టి, వచ్చినవాళ్లు ఇంటికి వెళ్లాక దేన్ని తమంతట తాము మళ్లీ చేసి చూస్తారో ఆలోచించమని నిన్ను కోరుతున్నాను. ఈ లేఖలో నేను చెప్పబోయేదంతా ఆ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

నేను మొదటిసారి ప్రజల ముందు నిలబడినప్పుడు అమోనియం డైక్రోమేట్ అగ్నిపర్వతాన్ని చూపించాను. నారింజ రంగు పొడిని పలక మీద కుప్పగా పోసి కొనకు నిప్పంటిస్తే, ఎర్రటి రవ్వలు ఎగజిమ్ముతూ చూస్తుండగానే ఆకుపచ్చని బూడిద కొండలా పెరుగుతుంది. హాలు మారుమోగిపోయింది. అంతా అయ్యాక నేను బల్ల తుడుస్తూ ఉంటే, ముందు వరసలో కూర్చున్న పదేళ్ల పాప దగ్గరికి వచ్చి, బల్ల అంచును వేలితో గీసి, వేలికి అంటిన పచ్చటి దుమ్మును నాకు చూపించి, "ఇదంతా ఇప్పుడు ఎక్కడికి పోతుంది?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ బూడిద క్రోమియం ఆక్సైడే అయినా, పూర్తిగా మండని డైక్రోమేట్ రేణువులు దానితో పాటు గాలిలోకి లేస్తాయి, డైక్రోమేట్‌లో ఉండే రకం క్రోమియం క్యాన్సర్ కారకం. ఆ పాప చేయి పట్టుకుని కుళాయి దగ్గరికి తీసుకెళ్లి సబ్బుతో కడిగించాను. ఆ ప్రయోగాన్ని మళ్లీ ఎన్నడూ చేయలేదు. ఆ రోజు హాల్లో రసాయన శాస్త్రవేత్తలా ఆలోచించినది ఆ పాప ఒక్కతే. అది కూడా తన వేలికి పదార్థం అంటిన తర్వాతే అన్న సంగతి నాకు చాలా కాలానికి గాని అర్థం కాలేదు.

కాబట్టి మొదటి సలహా ఇది. మంటలు, పేలుళ్లు, ఎగజిమ్మే రవ్వలు నీ పట్టికలో ఉంటే తీసేయి. ముఖ్యంగా మిథనాల్‌లో లవణాలు కలిపి రంగురంగుల మంటలు చూపించే ప్రదర్శన జోలికి పోవద్దు. మంట ఆరిపోయిందనుకుని సీసాలోంచి మళ్లీ మిథనాల్ పోసినప్పుడు, కనిపించని మంట ఆవిరిని అంటుకుని, సీసా మూతిలోంచి నిప్పు ముందు వరసల మీదికి చిమ్మి పిల్లలు తీవ్రంగా కాలిపోయిన ఘటనలు ఒకటికి మించి జరిగాయి. ఆ రంగులే చూపించాలనుకుంటే, లవణాల ద్రావణంలో రాత్రంతా నానబెట్టిన పుల్లలను బర్నర్ మంటలో పెట్టు. సోడియం పసుపు, స్ట్రాన్షియం ఎరుపు, రాగి ఆకుపచ్చ అంతే చక్కగా కనిపిస్తాయి, పోయవలసిన ద్రవం ఏదీ ఉండదు.

ఇక ప్రజల ముందు రసాయన శాస్త్రం చెప్పడం నిన్నా మొన్నా మొదలైన పని కాదు. లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ప్రసంగాలకు జనం విరగబడి వచ్చేవాళ్లు. పుస్తకాల బైండింగ్ షాపులో పని నేర్చుకుంటున్న మైకేల్ ఫారడే అనే కుర్రవాడు, బైండింగుకు వచ్చిన పుస్తకాలు చదువుతూ, సామాన్య పాఠకుల కోసం జేన్ మార్సెట్ సంభాషణ రూపంలో రాసిన రసాయన శాస్త్ర పుస్తకం దగ్గర ఆగిపోయాడు. ఆమె వర్ణించిన ప్రయోగాల్లో తన చేతికి అందినవాటిని చేసి చూసుకుని, రాసినది నిజమేనని నిర్ధారించుకున్నాకే ఆ శాస్త్రం మీద నమ్మకం కుదిరిందని తర్వాత చెప్పుకున్నాడు. 1812లో డేవీ ప్రసంగాలు విని, రాసుకున్న నోట్సును తనే బైండు చేసి ఆయనకు పంపాడు, 1813లో అదే సంస్థలో సహాయకుడిగా చేరాడు. 1825లో అక్కడ మొదలైన క్రిస్మస్ ప్రసంగాలు పిల్లల కోసం ఈనాటికీ సాగుతున్నాయి. ఫారడే తన 69వ ఏట, 1860 చివర్లో మొదలుపెట్టి, అక్కడి పిల్లల ముందు కొవ్వొత్తిని పెట్టుకుని వరసగా ఆరు ప్రసంగాలు చేశాడు. ఒక్క కొవ్వొత్తి మీద ఆరు ప్రసంగాలు! ఒకే రోజులో ఇరవై ప్రయోగాలు చూపించాలని తొందరపడే ప్రతి యువ అధ్యాపకుడికీ నేను ఈ మాట గుర్తు చేస్తూ ఉంటాను.

ఆ కొవ్వొత్తితోనే నువ్వూ మొదలుపెట్టు. ఒక బల్లకు ఆరుగురి కంటే ఎక్కువ మంది ఉండకుండా చూసుకుని, మధ్యలో ఒక కొవ్వొత్తి వెలిగించి, "మండుతున్నది ఏది, వత్తా, మైనమా?" అని అడిగి ఆగిపో. జవాబు చెప్పకు. కాసేపయ్యాక మంటను మెల్లగా ఊదించు. వత్తి చివర నుంచి సన్నని తెల్లటి పొగ తీగలా లేస్తుంది. అగ్గిపుల్ల మంటను ఆ పొగలో, వత్తికి ఒక అంగుళం పైన, తగిలించమను. మంట పొగ వెంట కిందికి జారి, వత్తిని తాకకుండానే దాన్ని మళ్లీ వెలిగిస్తుంది. చూసినవాళ్లు తప్పకుండా ఇంకోసారి చేస్తామంటారు, చేయనివ్వు. రెండోసారి, మూడోసారి చేసేటప్పుడు గాని, ఆ తెల్లటి పొగ బూడిద కాదని, ఆవిరై మళ్లీ గట్టిపడుతున్న మైనమేనని వాళ్లకు తోచదు. ఆ తర్వాత చల్లటి గాజు గ్లాసును బోర్లించి మంటకు కాస్త పైన క్షణకాలం పట్టుకోమను. లోపలి గోడ మసకబారుతుంది. దాన్ని వేలితో తుడిస్తే తడి తగులుతుంది. నిప్పులోంచి నీళ్లు ఎలా వచ్చాయని వాళ్లే అడుగుతారు. మైనంలోని హైడ్రోజన్, గాలిలోని ఆక్సిజన్ కలిసి నీరైందన్న మాట అప్పుడు చెబితే అది వాళ్లు అడిగి తెలుసుకున్న జవాబు అవుతుంది, ముందే చెబితే పాఠ్యపుస్తకంలో ఒక వాక్యంగా మిగిలిపోతుంది.

ప్రపంచమంతా కలిసి చేసిన పని ఒకటి నీకు తెలియాలి. 2011ను అంతర్జాతీయ రసాయన శాస్త్ర సంవత్సరంగా ఐక్యరాజ్య సమితి ప్రకటించింది. ఆ ప్రతిపాదనను సమితి ముందు పెట్టిన దేశం ఇథియోపియా. నిర్వహణ బాధ్యతను యునెస్కో, రసాయన శాస్త్రవేత్తల అంతర్జాతీయ సంస్థ ఐయుపాక్ తీసుకున్నాయి. మేరీ క్యూరీకి రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చి సరిగ్గా నూరేళ్లు నిండిన సంవత్సరమది. ఉత్సవమంటే సభలు, శాలువాలు, ఉపన్యాసాలతో సరిపెట్టుకోకుండా, వివిధ దేశాల పిల్లల చేత వాళ్ల దగ్గరి నీటిని పరీక్ష చేయించి, వచ్చిన అంకెలను ఒకే ప్రపంచ పటం మీద చేర్చే ఏర్పాటు చేశారు. నీటి ఆమ్లత్వం, అందులోని ఉప్పు శాతం, వడపోత, ఎండతో నీటిని స్వేదనం చేయడం అనే నాలుగు పనులుండేవి. ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు. ఎక్కడో ఒక పిల్లవాడు కొలిచిన పీహెచ్ విలువ (ఆమ్ల గుణం పెరిగేకొద్దీ తగ్గే అంకె), మరో ఖండంలో ఇంకో పిల్ల కొలిచిన విలువ పక్కన చేరింది. నా దృష్టిలో రసాయన శాస్త్రానికి అంతకంటే గొప్ప పండుగ ఇప్పటిదాకా జరగలేదు, ఎందుకంటే అందులో ప్రేక్షకులంటూ ఎవరూ లేరు.

ఆ నాలుగింటిలో ఎండ స్వేదనాన్ని నీ కార్యక్రమంలో తప్పక పెట్టు. వెడల్పాటి గిన్నెలో రంగు కలిపిన ఉప్పునీళ్లు పోసి, మధ్యలో ఒక చిన్న ఖాళీ గ్లాసు నిలబెట్టి, గిన్నె మీద పారదర్శక ప్లాస్టిక్ కాగితం బిగించి కట్టి, గ్లాసుకు సరిగ్గా పైన ఆ కాగితం మీద ఒక గులకరాయి పెట్టి ఎండలో ఉంచాలి. కార్యక్రమం మొదలైనప్పుడే పెట్టించి, సాయంత్రం ముగిసేముందు విప్పించు. గ్లాసులో చేరేది కొద్ది మిల్లీలీటర్లే. పిల్లలు మొదట నిరాశపడతారు, ఆ నిరాశను దాచిపెట్టవద్దు. చేరిన నీటికి రంగు లేదని చూపించు, ఒక చుక్కను అద్దం మీద ఆరనిస్తే ఉప్పు మచ్చ పడలేదని చూపించు. ఆ తర్వాత, గిన్నెలో పోసిన నీళ్లెన్ని, వచ్చినవి ఎన్ని, ఎంత సేపు పట్టింది అని వాళ్ల చేతే కాగితం మీద లెక్క వేయించు. ఉప్పునీటిని మంచినీటిగా మార్చడానికి ఎంత శక్తి కావాలన్నది ఉపన్యాసంతో బోధపడేది కాదు, ఆ గ్లాసు అడుగున ఉన్న నీళ్లను చూస్తే బోధపడుతుంది.

పీహెచ్ చెప్పడానికి నాకు ఇష్టమైన పద్ధతి ఊపిరితో మొదలవుతుంది. చిన్న గ్లాసు నీళ్లలో ఆమ్ల, క్షార గుణాలను బట్టి రంగు మారే బ్రోమోథైమాల్ బ్లూ సూచికను కొన్ని చుక్కలు కలిపితే నీలంగా ఉంటుంది. నీళ్లు నీలంగా మారకపోతే చిటికెలో నాలుగో వంతు వంటసోడా వేస్తే చాలు. గొట్టంతో అందులోకి మెల్లగా ఊదమంటే, నిమిషం తిరక్కుండా నీలం పచ్చగా, పచ్చ పసుపుగా మారుతుంది. ఊదే గొట్టానికి పై భాగంలో సూదితో ఒక చిన్న రంధ్రం పెట్టడం మాత్రం మరిచిపోవద్దు, అప్పుడు పొరపాటున పీల్చినా ద్రవం నోట్లోకి రాదు. మన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడ్, నీటిలో కరిగి కార్బానిక్ ఆమ్లంగా మారిందని ఇక్కడ చెప్పాలి. మన పెద్దలు ఆ వాయువుకు పెట్టిన పేరులోనే పులుసు అన్న మాట ఉంది కదా, దాన్ని ఎత్తి చూపించు. పిల్లలు ఎంత మురిసిపోతారో నువ్వే చూస్తావు. అక్కడి నుంచి సముద్రానికి వెళ్లవచ్చు. పారిశ్రామిక యుగం మొదలైనప్పటి నుంచి గాలిలో పెరిగిన ఈ వాయువును సముద్రాలు కూడా పీల్చుకుంటున్నాయి, ఉపరితల జలాల పీహెచ్ సుమారు 8.2 నుంచి 8.1కి తగ్గింది. ఒక దశాంశం తేడాయే కదా అని ఎవరైనా అంటే, పీహెచ్ కొలమానంలో ఆ కొంచెం తేడాకే హైడ్రోజన్ అయాన్లు ముప్పై శాతం వరకు పెరుగుతాయని ఓపికగా వివరించు. సముద్రపు నీరు ఇంకా క్షార గుణంతోనే ఉందని, ఆమ్లంగా మారిపోలేదని కూడా అదే గుక్కలో చెప్పు. సగం నిజంతో జనాన్ని భయపెట్టే హక్కు మనకు లేదు.

అన్నిటికంటే ముఖ్యమైన క్రమశిక్షణ, చేసే ముందు ఊహించమని అడగడం. నిమ్మ ఉప్పు కరిగించిన నీళ్లలో వంటసోడా వేస్తే బుసబుస పొంగుతుందని చాలామందికి తెలుసు. గ్లాసును వాళ్ల చేతిలోనే పెట్టి, "పొంగేటప్పుడు గ్లాసు వేడెక్కుతుందా, చల్లబడుతుందా?" అని అడిగి చేతులెత్తించు. ఎక్కువ మంది వేడెక్కుతుందనే అంటారు. సోడా పడగానే పట్టుకున్న వేళ్లకు చల్లగా తగిలి, వాళ్ల ముఖాలు మారతాయి. రసాయన చర్య అంటే వేడి పుట్టాలన్న నమ్మకం అక్కడికక్కడే సడలిపోతుంది. తప్పుగా ఊహించినవాళ్లను చూసి ఎవరూ నవ్వకుండా చూసుకో, చాలామంది శాస్త్రజ్ఞులు అలాగే ఊహించి అలాగే నేర్చుకున్నారని చెప్పు. ఇంకొక సంగతి. కంటిచూపు లేనివాళ్లు, ఎరుపు ఆకుపచ్చల తేడా తెలియనివాళ్లు కూడా వస్తారు. రంగు మారే ప్రయోగాలే వరసగా పెడితే వాళ్లు రోజంతా ఇతరుల మాటల మీదే ఆధారపడాలి. ఈ గ్లాసు, దాని చల్లదనం, ఆ బుసబుస శబ్దం అందరికీ సమానంగా అందుతాయి.

అక్టోబర్ 23న మోల్ దినోత్సవం చేసే అలవాటు చాలా చోట్ల ఉంది. మోల్ అంటే 6.02ను పది పై ఇరవై మూడవ ఘాతంతో గుణిస్తే వచ్చే సంఖ్య, అణువులను లెక్కపెట్టే కొలత. అందులోని పది పై ఇరవై మూడవ ఘాతానికి గుర్తుగా పదో నెల ఇరవై మూడో తేదీని, 6.02కు గుర్తుగా ఉదయం 6:02 నుంచి సాయంత్రం 6:02 వరకు సమయాన్ని ఎంచుకున్నారు. అమెరికన్ కెమికల్ సొసైటీ ఏటా అక్టోబర్‌లో జరిపే రసాయన శాస్త్ర వారోత్సవం కూడా 1987లో ఒక్క రోజు పండుగగానే మొదలైంది. నీ తేదీ మోల్ దినోత్సవానికి దగ్గరగా ఉంటే ఆ మోల్ సంఖ్యను గోడ మీద రాసి వదిలేయకుండా, ఒక డ్రాపరుతో ప్రతి ఒక్కరి అరచేతిలో ఒక నీటి చుక్క వేయించు. ఆ ఒక్క చుక్కలోని అణువులను సెకనుకు పది లక్షల చొప్పున లెక్కపెట్టినా 5 కోట్ల సంవత్సరాలు దాటిపోతుంది. వాళ్లు తమ అరచేతి వంక చూసుకుంటున్న ఆ క్షణంలో నువ్వేమీ మాట్లాడకు.

భాష విషయంలో నీకు గట్టిగా చెప్పవలసింది ఉంది. తెలుగులో మాట్లాడుతున్నప్పుడు తెలుగు పేర్లు వాడడానికి మొహమాటపడకు, అలాగని ఎవరికీ అర్థం కాని కొత్త పదాలు పుట్టించనూ వద్దు. ఆక్సిజన్ అనే మాట అందరికీ తెలుసు, దాన్నే వాడు. దానితో పాటు ఆమ్లజని అన్న మన పాత మాటను కూడా ఒకసారి పలికి, దాని వెనకున్న కథ చెప్పు. ఆమ్లాలన్నిటిలోనూ ఈ వాయువు ఉండి తీరుతుందని నమ్మిన ఫ్రెంచి శాస్త్రవేత్త లావోయిజర్, ఆమ్లాన్ని పుట్టించేది అనే అర్థం వచ్చేలా గ్రీకు మాటలతో ఆ పేరు పెట్టాడు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజన్ లేదని డేవీ 1810 ప్రాంతంలో తేల్చాడు. పేరు మాత్రం నిలిచిపోయింది, తెలుగులోకి అనువాదమై వచ్చినప్పుడు పొరపాటుతో సహా వచ్చింది. శాస్త్రం తన తప్పును దిద్దుకుంటూ ముందుకు పోతుందని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ తెలుగువాళ్లకు దొరకదు.

నీకు అన్నిటికంటే కష్టమైన ఘట్టం ప్రశ్నల సమయంలో వస్తుంది. ఎవరో ఒకరు లేచి, "రసాయనాల వల్లే కదండీ ఇన్ని అనర్థాలు, మీరు పండుగ చేస్తారేమిటి?" అంటారు. చాలామంది మన తోటివారు ఈ చోటే తప్పు చేస్తారు. నీరు కూడా రసాయనమేనంటూ అడిగినవాళ్లను నలుగురిలో చిన్నబుచ్చి, వాదన గెలిచామనుకుంటారు. ఆ మాట నిజమే, కానీ అడిగిన మనిషి భయానికి అది జవాబు కాదు, ఆ మనిషి మళ్లీ మన గడప తొక్కరు. నేనైతే ఫ్రిజ్‌ల వంటి శీతల యంత్రాల్లో వాడిన క్లోరోఫ్లోరోకార్బన్ల కథ చెబుతాను. అవి రాకముందు ఆ యంత్రాల్లో వాడిన అమోనియా, సల్ఫర్ డయాక్సైడ్ కారితే మనుషులకు ప్రాణాపాయం. మంట అంటుకోని, విషం కాని ఈ కొత్త పదార్థాలు 1920ల చివర్లో వరంలా వచ్చాయి. 1974లో మోలినా, రోలాండ్ అనే రసాయన శాస్త్రవేత్తలు ఇవి పై వాతావరణంలోకి చేరి, అతినీలలోహిత కిరణాలకు విరిగి, విడుదలైన క్లోరిన్ ఓజోన్‌ను తినేస్తుందని లెక్కగట్టి హెచ్చరించారు. ఒక్క క్లోరిన్ పరమాణువు లక్ష దాకా ఓజోన్ అణువులను నాశనం చేయగలదు. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ పొర పలచబడిందని కొలతల్లో బయటపడింది. 1987లో ఈ పదార్థాల వాడకాన్ని తగ్గించేందుకు మాంట్రియల్ ఒప్పందం కుదిరింది, తర్వాత ప్రపంచ దేశాలన్నీ దానికి కట్టుబడ్డాయి. 1995లో ఆ ఇద్దరికీ, పాల్ క్రుట్జెన్ అనే మరో శాస్త్రవేత్తకూ కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. కీడు చేసినదీ రసాయన శాస్త్రమే, ఆ కీడును పసిగట్టినదీ, ప్రత్యామ్నాయాలు వెతికినదీ అదేనని చెప్పినప్పుడు, అడిగినవాళ్లు కూర్చుని మరో ప్రశ్న అడుగుతారు. విషవాయువులను యుద్ధంలో వాడిన చరిత్ర గురించి అడిగితే అదీ ఒప్పుకో. ఒప్పుకోని శాస్త్రాన్ని ఎవరూ నమ్మరు.

ఏర్పాట్ల సంగతులు కొన్ని క్లుప్తంగా రాస్తాను. ప్రతి ప్రయోగాన్నీ ఆ రోజు వాడబోయే పాత్రలతోనే, ఆ బల్ల మీదే, ముందుగా మూడుసార్లు చేయించు. వాలంటీర్లకు జవాబులు నేర్పడం కంటే ప్రశ్న అడిగి పది సెకన్లు మౌనంగా ఉండడం నేర్పించు, అది వాళ్లకు చాలా కష్టంగా ఉంటుంది. కంటి రక్షణకు అద్దాలను, చూసేవాళ్లతో పాటు చూపించేవాళ్లు కూడా పెట్టుకోవాలి, పిల్లలు మన మాటల కంటే మన ముఖాన్ని చూసే నేర్చుకుంటారు. ప్రయోగం అయ్యాక మిగిలే ప్రతి ద్రవం, ప్రతి పొడి ఎక్కడికి పోతుందో ముందే ఒక కాగితం మీద రాసి, ఆ కాగితాన్ని అందరికీ కనిపించేలా బల్ల మీద అంటించు. ఆ పాప అడిగిన ప్రశ్నకు ఇన్నేళ్లుగా నేను ఇస్తున్న జవాబు ఇదే.

రోజు గడిచాక ఎంత మంది వచ్చారని పై అధికారులు లెక్క అడుగుతారు, ఇచ్చేయి. నీ కోసం మాత్రం ఇంకో లెక్క పెట్టుకో. ప్రతి బల్ల దగ్గర ఒక నోటుపుస్తకం ఉంచి, వచ్చినవాళ్లు అడిగిన ప్రశ్నలను వాళ్ల మాటల్లోనే, దిద్దకుండా రాయించు. జవాబు తెలియని ప్రశ్నల పక్కన ఒక గీత గీసి, వాటికి జవాబులు వెతికి, నెల తిరిగేలోగా అదే జనాన్ని మళ్లీ పిలిచి చెప్పు. ఒక్కసారి వచ్చిన వెయ్యి మంది కంటే రెండోసారి వచ్చిన నలభై మంది ఈ పనికి ఎక్కువ అవసరమని నా అనుభవం.

ముందస్తు అభ్యాసం అయ్యాక ఆ నోటుపుస్తకంలోని మొదటి పేజీని నకలు తీసి నాకు పంపించు. నీ వాలంటీర్లు అడిగిన ప్రశ్నలే అందులో ఉన్నా ఫరవాలేదు, వాటిలో ఏ బల్ల దగ్గర ఏమి మార్చాలో నాకు కనిపిస్తుంది. ఎండ స్వేదనం గిన్నెకు కాగితం గట్టిగా బిగించడంలో ఇబ్బంది వస్తే, అంచు చుట్టూ తడి గుడ్డ చుట్టి దాని మీద దారం కట్టించు, ఆవిరి జారిపోదు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు